అలంకారాన్ని పట్టుకోవడం ఎలా? సిరిమాను దగ్గర మొదలుపెడదాం

"ఈ పద్యంలో ఉన్న అలంకారమేది?" అన్న ప్రశ్న కనబడగానే చాలామంది పిల్లలు ముందు 'వలె' కోసం వెతుకుతారు. దొరికితే ఉపమ అని రాసేస్తారు, దొరక్కపోతే టెన్షన్. పెద్దవాళ్ళ సంగతీ అంతంతమాత్రమే. కవిసమ్మేళనంలో ఒక మంచి కవిత విని "భలే ఉంది" అంటారు, ఎందుకు బాగుందో చెప్పమంటే నవ్వేసి ఊరుకుంటారు. ఇద్దరికీ పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ముందు చెవితో వినాలి, తర్వాత మాట మార్చి చూడాలి, ఆ తర్వాత పద్యంలో ఎన్ని వస్తువులున్నాయో లెక్కపెట్టాలి. పేరు పెట్టడం ఆఖరి పని. పేర్ల జాబితా బట్టీ పట్టి పద్యం దగ్గరికి వెళ్తే, పద్యం కనబడదు, జాబితాయే కనబడుతుంది.

ఉదాహరణలు ఎక్కడివో తేకుండా మన విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల నుంచే అల్లాను. పక్కన ఒక పెన్సిలు పెట్టుకోండి.

ముందు గొంతెత్తి చదవండి

కళ్ళతో చదివితే సగం అలంకారాలు జారిపోతాయి. ఈ రెండు పాదాలు పైకి చదవండి:

చెరువు గట్టున చింత నీడన
పాట పాడే పిట్ట వాలెను

చదువుతుంటే చెయ్యి దానంతటది తాళం వేస్తుంది. ఎందుకో చూద్దాం. మాత్ర అంటే అక్షరం పలకడానికి పట్టే కాలపు కొలత. పొట్టి అక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘం ఉన్నది, సున్న ఉన్నది, పొల్లుతో ముగిసేది, పక్కన ద్విత్వమో సంయుక్తమో ఉన్నది గురువు, దానికి రెండు మాత్రలు. ఈ లెక్కన 'చెరువు' మూడు, 'గట్టున' నాలుగు, 'చింత' మూడు, 'నీడన' నాలుగు. రెండో పాదమూ అంతే: మూడు, నాలుగు, మూడు, నాలుగు. తకిట తకధిమి, తకిట తకధిమి. విజయనగరంలో ఉండి గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాల సరాలు రాసింది ఈ నడకలోనే. ఉత్పలమాల లాంటి వృత్తాలకుండే యతిప్రాసల కట్టుబాటు వదిలేసి, మాత్రల నడకను మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

ఇప్పుడు 'చింత నీడన' తీసేసి 'చింతచెట్టు నీడన' అని పెట్టి చదవండి. అర్థంలో వీసమెత్తు తేడా లేదు, నడక మాత్రం కుంటింది. పద్యం చదివినప్పుడు ఇలా ఎక్కడైనా నాలుక తడబడితే ఆ చోట గీత పెట్టండి. మీరు తప్పు చదివి ఉండొచ్చు, లేదా కవి అక్కడ కావాలని ఆపి ఉండొచ్చు. ఏదైనా సరే, చూడాల్సిన చోటు అదే.

పద్యమైతే యతి, ప్రాస కూడా చెవికే ముందు తెలుస్తాయి. ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావడం. 'సందడి' అని మొదటి పాదం ఎత్తుకుంటే రెండోది 'మందిని' అనో 'ముందుగ' అనో రావాలి. మొదటి పాదంలో ఆ హల్లు ముందు సున్న ఉంటే మిగతా పాదాల్లోనూ ఉండి తీరాలి. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ, పాదం మధ్యలో ఒక నిర్ణీత స్థానంలో ఉన్న అక్షరానికీ కుదిరే మైత్రి. ఉత్పలమాలలో ఆ స్థానం పదో అక్షరం, చంపకమాలలో పదకొండు, శార్దూలంలో పదమూడు, మత్తేభంలో పద్నాలుగు. ఇవి ఛందస్సుకు చెందిన నియమాలు, అలంకారాలు కావు. అలంకారం అడిగిన చోట వీటిని రాస్తే మార్కు పోతుంది. కానీ పద్యం నోటికి వచ్చేసి ఏళ్ళ తరబడి గుర్తుండిపోవడానికి చాలావరకు కారణం ఇవే.

మాట మార్చి చూడండి

అలంకారాలు రెండు జాతులు, శబ్దాలంకారాలు, అర్థాలంకారాలు. ఒక పాదం ఏ జాతిదో తేల్చడానికి పాతకాలపు లాక్షణికులు చెప్పిన పరీక్ష ఒకటుంది. ముఖ్యమైన మాట తీసేసి, అదే అర్థమిచ్చే ఇంకో మాట పెట్టండి. అందం పోయిందా, శబ్దాలంకారం. అందం అలాగే ఉందా, అర్థాలంకారం.

గుట్ట దిగి గలగలా గంతులేసింది గెడ్డ.

దీన్ని "కొండ దిగి జలజలా దూకింది ఏరు" అని మార్చండి. చెప్పిన సంగతి అదే, కానీ 'గ'కారం పోవడంతో గంతులు పోయాయి. అంటే అందమంతా శబ్దంలోనే ఉందన్నమాట. ఒకే హల్లు పలుమార్లు వచ్చింది కాబట్టి ఇది వృత్త్యనుప్రాస.

ఇక్కడే ఒక జాగ్రత్త. "పిల్లలు పలకలు, బలపాలు, పుస్తకాలు తెచ్చారు" అన్న వాక్యంలో 'ల' ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. అది బహువచనం తెచ్చిపెట్టిన 'ల', కవి తెచ్చింది కాదు. తెలుగులో 'ల', 'న', 'ర' ఎక్కడ చూసినా తగులుతూనే ఉంటాయి. వాటిని లెక్కపెట్టి వృత్త్యనుప్రాస అనేయకండి. ఆ శబ్దం చెప్పే విషయానికి ఏమైనా సాయం చేస్తోందా అని అడగండి.

శబ్దం తిరిగి వస్తే తర్వాతి ప్రశ్న: రెండోసారి వచ్చినప్పుడు అర్థం మారిందా? మన జిల్లాల్లో 'వలస'తో ముగిసే ఊళ్ళు కోకొల్లలు. దాని మీద ఒక పాదం:

ఊరి పేరులో వలస, ఊరి కడుపులో వలస.

మొదటిది పల్లె, రెండోది పనికోసం హైదరాబాదో చెన్నైయో పోవడం. అక్షరాలు అవే, అర్థం వేరు కాబట్టి ఇది యమకం. అర్థం వేరైన రెండు హల్లుల జంట మధ్యలో సందు లేకుండా వెంటనే వస్తే ఛేకానుప్రాస. 'వంద వందనాలు' అంటాం చూడండి, అది. మాట అదే, అర్థమూ అదే, ఉద్దేశం మాత్రం వేరైతే లాటానుప్రాస: "పక్కవాడికి పెట్టిన బువ్వే బువ్వ." మొదటి బువ్వ అన్నం, రెండో బువ్వా అన్నమే, కాకపోతే రెండోదానిలో 'తినదగ్గ అన్నం అదొక్కటే' అన్న తూకం ఉంది. ఈ మూడింట్లో తికమక పడేవాళ్ళు అర్థం, సందు, ఉద్దేశం అనే మూడు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు.

అంత్యానుప్రాస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, సినిమా పాటలు విన్న ప్రతివారికీ తెలుసు. "ఉద్దానం కొబ్బరి తోట / ఊగితే చాలు గాలికి పాట." ఒక పాదం చివరి మాటతో తర్వాతి పాదం మొదలైతే ముక్తపదగ్రస్తం:

వానతో నిండెను చెరువు
చెరువుతో పండెను పొలము
పొలముతో నిండెను గాదె

ఒకదాని వల్ల ఇంకొకటి జరిగే సంగతికి ఈ అల్లిక అతికినట్టు సరిపోతుంది. ఏ సంబంధమూ లేని విషయాలకు వాడితే వట్టి గారడీగా తేలిపోతుంది.

వస్తువులు లెక్కపెట్టండి

మాట మార్చినా అందం నిలబడితే మీరు అర్థాలంకారాల ఇంట్లోకి వచ్చినట్టు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: పద్యంలో ఎన్ని వస్తువులున్నాయి, వాటి మధ్య కవి ఏ సంబంధం పెట్టాడు?

విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవాటి చింతమాను, దాని కొసన ఆసనంలో కూర్చున్న పూజారి. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి చూస్తే ఇసుక వేస్తే రాలనంత జనం. మొదటి వస్తువు సిరిమాను. రెండో వస్తువుగా తెరచాప కొయ్యను తీసుకుందాం. ఇక ఈ రెండూ మారవు, వాటి మధ్య సంబంధమే మారుతుంది.

"సిరిమాను తెరచాప కొయ్యలా ఊగుతోంది." రెండూ వేరని ఒప్పుకుంటూనే పోలిక చెప్పాం. ఇది ఉపమ. సిరిమాను ఉపమేయం, తెరచాప కొయ్య ఉపమానం, ఊగడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. 'ఊగుతోంది' తీసేసి "తెరచాప కొయ్యలా ఉంది" అంటే ధర్మం లోపించింది, లుప్తోపమ. పాత పద్యాల్లో 'లా' బదులు వలె, పోలె, భంగి, కరణి, చందంబున లాంటి మాటలు వస్తాయి.

"ఈ జనాన్నంతా గట్టెక్కించడానికి అమ్మ నిలబెట్టిన తెరచాప కొయ్యేమో ఇది!" ఇప్పుడు పోల్చడం లేదు, ఊహిస్తున్నాం. ఉత్ప్రేక్ష. ఏమో, కాబోలు, అన్నట్టుగా అనేవి దాని గుర్తులు. ఉత్ప్రేక్షలో తరచుగా ఒక కారణం కూడా దాక్కుని ఉంటుంది. ఇక్కడ గట్టెక్కించడం ఆ కారణం. ఉపమకు కారణంతో పనిలేదు.

"ఈ జనసముద్రంలో సిరిమానే తెరచాప కొయ్య." పోలికా లేదు, ఊహా లేదు, రెండూ ఒకటే అనేశాం. రూపకం. మంచి రూపకానికి ఒక గుర్తుంది: క్రియ కూడా ఉపమానం వైపే మొగ్గుతుంది. 'జనసముద్రం పోటెత్తింది' అంటే రూపకం బతికింది. 'జనసముద్రం టిక్కెట్లు కొనుక్కుంది' అంటే చచ్చింది.

"అది సిరిమాను కాదు, తెరచాప కొయ్య." ఉన్నదాన్ని కాదని ఇంకొకటి అన్నాం. అపహ్నుతి.

"అది మానా, తెరచాప కొయ్యా?" ఎటూ తేల్చుకోలేదు. సందేహాలంకారం.

"దూరం నుంచి చూసిన జాలరి కుర్రాడు పడవ వస్తోందని వల భుజాన వేసుకుని పరుగెత్తాడు." కుర్రాడు నిజంగానే పొరబడ్డాడు. భ్రాంతిమదలంకారం. ఇందులో 'తెరచాప' అనే మాట అసలు లేదు చూశారా? పోలిక మొత్తం ఆ పరుగులో ఉంది. ఈ ఏడింట్లో నాకు ఇష్టమైనది ఇదే.

"కొసన కూర్చున్న పూజారి జుట్టుకి మబ్బు తడి తగిలింది." ఉన్నదాన్ని మించి చెప్పాం, అతిశయోక్తి. దీనికి రెండో వస్తువు అక్కర్లేదు, హద్దు దాటితే చాలు. మబ్బు అని ఊరుకోకుండా తడి అన్నాం కాబట్టే అబద్ధం అందంగా ఉంది. 'ఆకాశాన్ని తాకింది' అనేది అరిగిపోయిన మాట, ఎవరికీ ఏమీ కనబడదు.

ఒక సిరిమాను, ఒక కొయ్య, ఏడు అలంకారాలు. ఇప్పుడు మీరు వేరే జంట ఎంచుకుని ఇదే వరుసలో రాయండి. బొబ్బిలి వీణ, కోయిల గొంతు తీసుకోవచ్చు. వంశధార, పాము తీసుకోవచ్చు. కాగితం మీద ఒకసారి రాసినవాళ్ళకి ఉపమకీ ఉత్ప్రేక్షకీ తేడా మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

గుర్తులు చూసి మోసపోకండి. "నిన్నటిలాగే ఈ రోజూ పార్వతీపురం బస్సు లేటు" అన్న మాటలో 'లాగే' ఉంది, ఉపమ లేదు. బస్సును బస్సుతోనే పోల్చాం. "బస్సు రాదేమో" అన్నదాంట్లో 'ఏమో' ఉంది, ఉత్ప్రేక్ష లేదు, అది ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడ్డవాడి దిగులు. రెండు వేరు జాతుల వస్తువులు ఉండాలి, ఆ పోలిక మనసుకు ఇంపుగా తగలాలి. అప్పుడే అది అలంకారం.

వాక్యాలే జంటగా వస్తే

ఒక్కోసారి పోలిక మాటల మధ్య కాక వాక్యాల మధ్య ఉంటుంది. పొందూరులో సన్న ఖద్దరు కోసం దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని మీద: "చేప దవడతో దువ్వి దువ్వి ఆ చెయ్యి పొగలాంటి నూలు తీసింది. నేర్పున్న చేతికి పనిముట్టు చిన్నదైతేనేం!" మొదటిది ఒకచోట జరిగిన విశేషం, రెండోది అందరికీ వర్తించే మాట, మొదటిదానికి బలం ఇస్తోంది. ఇది అర్థాంతరన్యాసం. అలా కాకుండా "నూలు తెలిసిన కంటికే ఖద్దరు మేలు కనబడుతుంది, రాగం తెలిసిన చెవికే వీణ మేలు వినబడుతుంది" అంటే రెండూ సమాన స్థాయి వాక్యాలు. ఒకటి బింబం, ఒకటి ప్రతిబింబం, మధ్యలో 'లాగా' లేదు. ఇది దృష్టాంతం.

ఒకే మాటకు రెండు అర్థాలు కనబడితే

శ్లేష. అరసవల్లి ఉన్న నేల కాబట్టి సూర్యుడి మీదే చూద్దాం: "ఇనుని కరములు తాకగానే పల్లె ఉలిక్కిపడి లేచింది." ఇనుడంటే సూర్యుడు, ప్రభువు కూడా. కరములంటే కిరణాలు, పన్నులు కూడా. తెల్లవారి ఊరు లేచిందనుకోవచ్చు, శిస్తు వసూలుకి భయపడి లేచిందనీ అనుకోవచ్చు. 'కరములు' తీసి 'కిరణాలు' పెట్టండి, రెండో కథ మాయమైపోతుంది. మన పరీక్ష ప్రకారం ఇది శబ్దం వైపుకి రావాలి, కానీ బడి పుస్తకాల్లో ఎక్కువగా అర్థాలంకారాల వరుసలో కనబడుతుంది. దీన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో పూర్వపు ఆలంకారికులే వాదించుకున్నారు. పరీక్షలో మీ పుస్తకం ఎలా చెప్తే అలా రాసేయండి, వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

ఏ గుర్తూ దొరక్కపోతే

అప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది స్వభావోక్తి: "గెడ్డలో కొంగ ఒంటికాలి మీద నిలబడి, మెడ ముడుచుకుని, నీళ్ళు కాస్త కదలగానే మెడ సాచి, మళ్ళీ ముడుచుకుంది." పోలిక లేదు, ఊహ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. అలంకారం లేదనుకుని చాలామంది ఇక్కడ ఖాళీ వదిలేస్తారు. నిజానికి ఇది రాయడమే అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే కవి వెళ్ళి కొంగను చూసి రావాలి. ఉపమ ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు.

రెండో దారి ప్రతీక, వచన కవితల్లో ఎక్కువగా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత ఎవరైనా ఇలా రాశారనుకోండి:

చెట్టు కూలిన చోట
తాత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు

ఇక్కడ రెండో వస్తువు పద్యంలో లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుందనీ, తాతకి అంత వ్యవధి లేదనీ చదివేవాడు తెచ్చుకోవాలి. ఇలాంటి కవిత ఎదురైతే "చెప్పనిది ఏమిటి?" అని కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం పద్యంలోని మాటల నుంచే రావాలి. మీ సొంత తత్త్వం అంటగట్టి 'చెట్టు అంటే ఆత్మ' అంటే కుదరదు.

తీసేసి చూడండి

పేరు తెలిసింది కదా అని ఆగిపోకండి. ఆ అలంకారాన్ని పద్యంలోంచి తీసేసి, మామూలు మాటతో మళ్ళీ చదవండి. "సిరిమాను ఊగుతోంది" అంటే మాను కనబడింది, జనం కనబడలేదు. "తెరచాప కొయ్యలా ఊగుతోంది" అంటే కింద నీళ్ళు ఉన్నట్టే, అంటే జనం కదులుతున్నట్టే. అక్కడ ఉపమ చేసిన పని అది, చెప్పకుండానే జనాన్ని చూపించడం. తీసేసినా ఏమీ పోలేదనిపిస్తే అది అలంకారం కాదు, బరువు. పేరున్న కవుల పద్యాల్లోనూ అలాంటివి తగులుతాయి, మొహమాటపడక్కర్లేదు.

సమాధానం రాసేటప్పుడు

పరీక్షల్లో మూడు భాగాలు కావాలి: అలంకారం పేరు, లక్షణం, సమన్వయం. ఎక్కువ మార్కులు పోయేది మూడోదాంట్లోనే. పేరు, లక్షణం బట్టీ పట్టి రాసేసి, పద్యంలో ఏది ఉపమేయమో ఏది ఉపమానమో చెప్పకుండా వదిలేస్తారు. సమన్వయం అంటే పద్యంలోని మాటల్నే ఎత్తి చూపించడం.

"జనసముద్రంలో సిరిమాను తెరచాప కొయ్యలా ఊగుతోంది" అన్న వాక్యం ఇచ్చారనుకుందాం. ఇందులో రెండున్నాయి. 'జనసముద్రం' రూపకం, మిగతాది ఉపమ. ఏది ముందు రాయాలి? వాక్యం దేని గురించో చూడండి. ఇది సిరిమాను గురించి, కాబట్టి ఉపమ ప్రధానం. సిరిమాను ఉపమేయం, తెరచాప కొయ్య ఉపమానం, ఊగడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం, నాలుగూ ఉన్నాయి కనుక పూర్ణోపమ అని రాయండి. దాని కింద ఇంకో వాక్యం: జనానికీ సముద్రానికీ అభేదం చెప్పినందున 'జనసముద్రం' రూపకం. ప్రశ్నలో ఒక్కటే అడిగినా ఈ రెండో వాక్యం రాయండి. చోటు పట్టేది ఒక్క వరుసే.